బీన్స్ చేలో ఆకు పరిస్తే ఒకరికి పంట పెరిగింది, ఇంకొకరికి మొక్కలు పసుపెక్కాయి: ఎందుకిలా?

ఉష్ణమండల నేలల్లో బీన్స్ వేసేవాళ్ళు మల్చింగ్ గురించి మాట్లాడుకోవడం మొదలుపెడితే కాసేపటికే రెండు వర్గాలైపోతారు. ఒకరు "ఆకూ అలమూ పరిచాక చేను కళే మారిపోయింది" అంటారు. ఇంకొకరు "నేనూ అదే చేశాను, మూడో వారానికే మొక్కలు పసుపెక్కి గిడసబారిపోయాయి" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, చిక్కంతా అక్కడే. మల్చ్ అనే ఒక్క మాట కింద పూర్తిగా వేరువేరు స్వభావాలున్న పదార్థాలు, పనులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తేనే ఈ రెండు అనుభవాలకీ పొంతన కుదురుతుంది.

ఏ బీన్స్, ఏ మల్చ్, ఏ నేల

ఇక్కడ బీన్స్ అంటే రాజ్మా, ఫ్రెంచ్ బీన్స్ రెండూ వచ్చే ఒకే జాతి మొక్క. గింజ కోసం పండిస్తే రాజ్మా, లేత కాయగా కోస్తే ఫ్రెంచ్ బీన్స్. గింజకు పండించే పొట్టి రకాలు చాలావరకు 70 నుంచి 90 రోజుల్లో ముగిసిపోతాయి. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి, తర్వాత మళ్ళీ వస్తుంది.

మల్చ్ అంటే నేల మీద పరిచే పొర. ప్లాస్టిక్ షీటు కూడా మల్చే, కానీ మనం మాట్లాడుకునేది మొక్కల నుంచి వచ్చేదాని గురించే: కోసిన కలుపు, చెట్ల కొమ్మల ఆకు, మొక్కజొన్న చొప్ప, గడ్డి. పచ్చిరొట్ట ఎరువును దున్ని నేలలో కలిపేస్తారు. మల్చ్‌ను కలపరు, పైనే ఉంచుతారు. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ సగం కథ దీనిమీదే నడుస్తుంది.

ఇక ఉష్ణమండల నేలలన్నీ ఒకటి కావు. వాటిలో నల్లరేగడి ఉంది, అగ్నిపర్వతాల బూడిద నుంచి పుట్టిన నేల ఉంది, నదీతీరపు ఒండ్రు ఉంది. అయితే మల్చ్ చర్చ ఎక్కువగా తిరిగేది లక్షల ఏళ్ళుగా వేడికీ వానకీ అరిగిపోయిన ఎర్ర, పసుపు నేలల చుట్టూ. వాటిలో కాల్షియం, మెగ్నీషియం లాంటివి కొట్టుకుపోయి ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలి ఉంటాయి. ఆ ఎరుపు ఇనుముదే.

భాస్వరం ఉంది, కానీ అందదు

ఈ నేలల్లో బీన్స్‌కు పెద్ద అడ్డంకి చాలాచోట్ల నత్రజని కన్నా భాస్వరమే. ఒక ఊహా లెక్క చూద్దాం. హెక్టారు నేలలో పైన 20 సెంటీమీటర్ల మట్టి దాదాపు 2,000 టన్నులు తూగుతుంది. ప్రతి కిలో మట్టిలో మొత్తం భాస్వరం 400 మిల్లీగ్రాములు అనుకుంటే, హెక్టారుకు 800 కిలోలు అవుతుంది. ఒక టన్ను బీన్స్ గింజలో ఉండే భాస్వరం సుమారు 4 కిలోలు. ఈ లెక్కన అది 200 పంటలకు సరిపోవాలి. అయినా మొక్క భాస్వరం లేక కుంగిపోతుంది, ఎందుకంటే ఆ 800 కిలోల్లో చాలాభాగాన్ని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు గట్టిగా పట్టుకుని ఉంటాయి. వేరుకు అందే భాగం చాలా కొద్ది. కరిగే భాస్వరం ఎరువు వేసినా కొంత వేరుకు చేరకముందే అదే మట్టి పట్టేసుకుంటుంది.

భాస్వరం కొరత నత్రజని కొరతగానూ మారుతుంది. బీన్స్ వేరుబుడిపెల్లో ఉండే రైజోబియం అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కదా, ఆ పనికి శక్తి విపరీతంగా కావాలి. ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి కనీసం 16 ఏటీపీలు (కణాలు శక్తి కోసం ఖర్చుపెట్టే అణువులు) ఖర్చవుతాయి, ఏటీపీ అణువులో మూడు భాస్వరం పరమాణువులు ఉంటాయి. భాస్వరం తక్కువైన చోట బుడిపెలు చిన్నవిగా, కొద్దిగా వస్తాయి. పప్పుజాతి మొక్క కాబట్టి నత్రజని సంగతి అదే చూసుకుంటుందన్న ధీమా బీన్స్ విషయంలో మామూలుగానే అంత బలమైనది కాదు, ఈ జాతి సోయాబీన్‌తో పోలిస్తే గాలి నత్రజనిని తక్కువగా పట్టుకుంటుంది. సగటున తన అవసరంలో 40 శాతం దగ్గరే ఆగుతుంది. అరిగిన నేలలో ఆ మాత్రమూ కష్టమే.

ఆకు పొర మట్టిని దాటి మొక్కకు తిండి పెడుతుంది

నా ఉద్దేశంలో మల్చ్ చేసే పనుల్లో అన్నిటికన్నా విలువైనది ఇదే. దీని గురించి మాట్లాడేవాళ్ళు మాత్రం తక్కువ.

నాలుగు వారాల వయసున్న బీన్స్ మొక్క దగ్గర, వాన పడ్డ మర్నాడు, పరిచిన ఆకు పొరను మెల్లగా పైకెత్తితే అది తేలిగ్గా రాదు. పై ఆకులు ఎండి గలగలలాడుతుంటాయి. వాటి కింద నల్లబడి మెత్తబడ్డ ఆకులు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి, వాటి మధ్య తెల్లని బూజు దారాలు అల్లుకుని ఉంటాయి. ఆ దారాల పక్కనే, వాటికన్నా కాస్త లావుగా, బీన్స్ పిల్లవేర్లు మట్టిలోకి దిగకుండా కుళ్ళుతున్న ఆకుల్లోకే పాకి ఉంటాయి. పొరను లాగితే ఆ వేర్లు తెగుతాయి.

ఆ వేర్లు అక్కడ తింటున్నది ఆకులోంచి అప్పుడే విడుదలైన భాస్వరాన్ని. అది ఇంకా ఎర్రమట్టిని తాకలేదు, ఆక్సైడ్ల చేతికి చిక్కలేదు. లెక్కకు, హెక్టారుకు 5 టన్నుల ఎండు బరువున్న ఆకు పరిచామనుకుందాం. మామూలు ఆకులో భాస్వరం 0.2 శాతం చుట్టూ ఉంటుంది, అంటే 10 కిలోలు. 800 కిలోల ముందు 10 కిలోలు లెక్కలోకి రాదనిపిస్తుంది. కానీ ఆ 800లో చాలాభాగం తాళం వేసిన పెట్టెలో ఉంది, ఈ 10 కిలోలు వేరు ముందున్నాయి. టన్ను గింజకు కావలసింది 4 కిలోలే.

ఇదే ఆకును దున్ని మట్టిలో కలిపితే త్వరగా కుళ్ళుతుంది, నిజమే, కానీ విడుదలైన భాస్వరం వెంటనే మట్టిని తాకుతుంది. కుళ్ళే ఆకు నుంచి వచ్చే సేంద్రియ ఆమ్లాలు ఆక్సైడ్ల మీద చోటు ఆక్రమించి భాస్వరం అతుక్కోకుండా కొంత అడ్డుకుంటాయి కూడా, అందుకే కలపడం దండగ అనలేం. రెండు దారులకూ ఆధారం ఉంది. భాస్వరాన్ని బాగా పట్టేసుకునే నేల అయితే పైన ఉంచడం వైపే నేను మొగ్గుతాను.

వాన చినుకు మోసుకొచ్చే తెగులు, మధ్య అమెరికా పాత పద్ధతి

కోస్టారికాలో, దాని చుట్టుపక్కల దేశాల్లో ఫ్రిహోల్ తపాదో అనే పద్ధతి ఉంది. ఆ మాటకు అర్థం "కప్పిన బీన్స్". యూరప్ వాళ్ళు రాకముందు నుంచీ ఉన్నదే. బీడు వదిలిన నేలలో ఏపుగా పెరిగిన కలుపు మధ్యకు నడుస్తూ విత్తనం చల్లుతారు, తర్వాత ఆ కలుపునంతా నరికి ఆ విత్తనం మీదే పడేస్తారు. దున్నరు, కాల్చరు. మొలక ఆ పొరను చీల్చుకుని పైకి వస్తుంది, కాబట్టి సాగే తీగ స్వభావమున్న రకాలనే వాడతారు. వెడల్పాటి ఆకుల కలుపు ఉన్న చోటును ఎంచుకుంటారు, గడ్డిజాతి ఎక్కువున్న చోటును వదిలేస్తారు, ఎందుకంటే గడ్డి నరికితే మళ్ళీ చిగురించి బీన్స్‌ను మింగేస్తుంది.

దిగుబడి హెక్టారుకు అర టన్ను చుట్టూ ఉంటుంది, గొప్పదేమీ కాదు. దాంతో దీన్ని వెనకబడిన పద్ధతి అని పక్కన పెట్టి, దున్ని, శుభ్రం చేసి వేసే సాగును ప్రోత్సహించారు. తేమ ఎక్కువున్న ప్రాంతాల్లో అలా శుభ్రంగా వేసిన చేలను వెబ్ బ్లైట్ అనే తెగులు పట్టుకుంది. 1980 ప్రాంతంలో కోస్టారికాలోని గ్వానకాస్తెలో పంటను బాగా దెబ్బతీసింది కూడా.

ఈ తెగులు నడిచే తీరు చూస్తే మల్చ్ పాత్ర అర్థమవుతుంది. దాని శిలీంధ్రం మట్టిలో గట్టి చిన్న ఉండలుగా, బూజు ముక్కలుగా ఉంటుంది. ఖాళీ నేల మీద పెద్ద చినుకు పడితే మట్టి చిమ్ముతుంది. వాన వెలిశాక బీన్స్ కింది ఆకు తిప్పి చూస్తే అడుగున ఎర్రటి చుక్కలు అంటుకుని కనిపిస్తాయి కదా, అవే తెగులు ఎక్కే మెట్లు. అక్కడి నుంచి సాలెగూడులాంటి బూజు ఆకు నుంచి ఆకుకు అల్లుకుంటుంది. పొర పరిచి ఉంటే చినుకు ఆకుల మీద పడి ఆగిపోతుంది, మట్టి లేవదు. గలిండో, థర్స్టన్ తదితర శాస్త్రవేత్తలు కోస్టారికాలో చేసి 1983లో ప్రచురించిన పరీక్షల్లో మల్చ్ ఈ తెగులును అదుపులో ఉంచిందని తేలింది. వెనకబడినదన్న పద్ధతిలో ఉన్న తెలివి అది.

పసుపు రంగు ఎక్కడి నుంచి వస్తుంది

ఇప్పుడు రెండో రైతు దగ్గరికి వద్దాం. ఆయన పరిచింది మొక్కజొన్న చొప్ప అనుకోండి. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు కర్బనం ఇంధనం, నత్రజని ఒళ్ళు కట్టుకునే సరుకు. వాటి ఒంట్లో ఈ రెండూ సుమారు 8కి 1 నిష్పత్తిలో ఉంటాయి. తిన్న కర్బనంలో మూడింట రెండు వంతులు శ్వాసలో పోయి ఒక వంతు ఒంటికి పడుతుందనుకుంటే లెక్క ఇలా ఉంటుంది.

5 టన్నుల ఎండు చొప్పలో కర్బనం 42 శాతం చొప్పున 2,100 కిలోలు, నత్రజని 0.7 శాతం చొప్పున 35 కిలోలు. కర్బనంలో మూడో వంతు 700 కిలోలు. దానికి జోడుగా సూక్ష్మజీవులకు కావలసిన నత్రజని 88 కిలోలు. చొప్పలో ఉన్నది 35. మిగతా 53 కిలోలను అవి నేలలోంచి లాక్కుంటాయి, సరిగ్గా మొక్క లేతగా ఉండి బుడిపెలు ఇంకా పని మొదలుపెట్టని వారాల్లో.

అదే 5 టన్నులు నత్రజని 3 శాతం ఉన్న లేత పప్పుజాతి ఆకు అయితే? కర్బనం అంతే, 2,100 కిలోలు. సూక్ష్మజీవుల అవసరం అంతే, 88. కానీ ఆకులో ఉన్నది 150 కిలోలు. 62 కిలోలు మిగిలి మొక్కకు అందుతుంది. ఈ లెక్క ప్రకారం ఇటూ అటూ కాని గీత, కర్బనం నత్రజనుల నిష్పత్తి 24కి 1 దగ్గర ఉంటుంది. మొక్కజొన్న చొప్ప 60 దగ్గర, రంపపు పొట్టు వందల్లో ఉంటాయి.

ఇది కాగితం మీది లెక్క అని మర్చిపోకూడదు. మొత్తం చొప్ప ఒక పంటకాలంలో కుళ్ళదు. పైగా పరిచినప్పుడు మట్టిని తాకే అడుగు పొర మాత్రమే నేల నత్రజనిని లాగగలదు, కాబట్టి అసలు లోటు 53 కన్నా బాగా తక్కువే. దున్ని కలిపితే మాత్రం ఆ లోటు గట్టిగా తగులుతుంది. పసుపెక్కిన అనుభవాల్లో చొప్పను పైన ఉంచారా, సగం మట్టిలో కలిసిపోయిందా అన్నది అడిగి తెలుసుకోవాల్సిన విషయం.

నిష్పత్తి ఒక్కటే చాలదు కూడా. లిగ్నిన్ (మొక్కను గట్టిపరిచే పదార్థం), పాలీఫినాల్స్ (ఆకుకు వగరునిచ్చే పదార్థాలు) ఎక్కువున్న ఆకు నత్రజని నిండుగా ఉన్నా దాన్ని విడవదు. శాస్త్రవేత్త షెరిల్ పామ్, ఆమె సహచరులు ఉష్ణమండల ఆకుల సమాచారమంతా పోగేసి 2001లో ఒక మోటు కొలత ఇచ్చారు: నత్రజని 2.5 శాతం పైన, లిగ్నిన్ 15 శాతం లోపు, పాలీఫినాల్స్ 4 శాతం లోపు ఉంటే ఆ ఆకు నేరుగా ఎరువులా పనిచేస్తుంది. మిగతావి ఇంకో నత్రజని వనరుతో కలిపి వాడుకోవడానికో, నేలను కప్పి ఉంచడానికో పనికొస్తాయి. బీన్స్‌కు ఉన్నది 70–90 రోజులే, ఏడాది తర్వాత విడుదలయ్యే నత్రజని ఆ పంటకు ఉన్నా లేనట్టే.

నత్రజని ఎక్కువైనా ఒక మెలిక

అలాగని నత్రజని నిండిన ఆకే ఎప్పుడూ మేలు అనేస్తే తొందరపాటే. నేలలో సిద్ధంగా నత్రజని దొరికితే బీన్స్ బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది, చేతికందేది ఉండగా కష్టపడి గాలిలోంచి ఎందుకు పడుతుంది? చొప్ప నేల నత్రజనిని కాసేపు లాగేసుకుంటే, మరీ ఆకలితో మాడకపోతే, మొక్క బుడిపెల వైపు మళ్ళుతుంది. ఏది లాభం అన్నది భాస్వరం మీద ఆధారపడుతుంది. భాస్వరం ఉంటే బుడిపెలు ఆ లోటు పూడుస్తాయి. లేకపోతే పసుపు అలాగే ఉండిపోతుంది. ఇద్దరు రైతుల ఫలితాలు తేడా రావడానికి నాకు కనిపించే బలమైన కారణాల్లో ఇదొకటి.

వేడి, తేమ, అల్యూమినియం

ఇవి తేలిగ్గా అర్థమయ్యేవే. ఎండలో ఖాళీ ఉష్ణమండల నేల పైపొర 40 డిగ్రీలు దాటిపోగలదు. బీన్స్ బుడిపెలకు 30 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది. పొర వేడిని తగ్గిస్తుంది, తేమను ఆపుతుంది, వాన వేగాన్ని విరుస్తుంది. నైజీరియాలోని ఇబడాన్‌లో ఉన్న అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థలో 1970లలో నేల శాస్త్రవేత్త రతన్ లాల్ చేసిన పని నేలకోత మీద మల్చ్ ప్రభావాన్ని స్పష్టంగా చూపింది.

ఆమ్లత్వం పెరిగి పీహెచ్ 5.5 కన్నా కిందికి దిగే నేలల్లో కరిగిన అల్యూమినియం వేరు కొసలను చంపేస్తుంది. కుళ్ళే ఆకు దాన్ని కొంత కట్టిపడేస్తుంది, అయితే ఇది తాత్కాలికం. సున్నం చేసే పనిని 5 టన్నుల ఆకు చేస్తుందనుకోవడం అత్యాశ.

మల్చ్ కింద నష్టాలూ పెరుగుతాయి

1960ల చివర నుంచి మధ్య అమెరికా బీన్స్ చేలల్లో చిప్పలేని నత్త పెద్ద బెడద అయింది. పగలు చీకటిగా, తేమగా ఉండే చోట దాక్కుని రాత్రి మొలకలను కొరికేస్తుంది. ఆకు పొర దానికి సొంతిల్లు. తెగులు ఆపడానికి పరిచిన పొర నత్తను పెంచితే లాభం ఎంత అన్నది చేను చేనుకీ మారుతుంది.

నీరు నిలిచే నేలలో మందమైన పొర వేరుకుళ్ళును పెంచుతుంది, బీన్స్ అసలే తడికాళ్ళు ఓర్చుకోదు. ఇక ఎండ ఎక్కువున్న మైదానాల్లో చెదలు కొన్ని వారాల్లోనే పొరను తినేస్తాయి. మరోవైపు ఆఫ్రికాలో కాండంలోకి తొలిచే బీన్స్ ఈగ విషయంలో మల్చ్ సాయపడుతుంది. ఈగ పురుగు కాండం అడుగును పాడుచేసినా, తేమగా ఉన్న పొర కింద మొక్క కొత్త వేర్లు వేసి నిలబడగలుగుతుంది.

కాల్చడం, పరచడం, ఎరువు: ముగ్గురి వాదన

కాల్చేవాళ్ళ మాటలో నిజం ఉంది. కాలిస్తే ఆకులోని భాస్వరం, పొటాష్‌లో ఎక్కువ భాగం బూడిదగా వెంటనే దొరుకుతుంది, పీహెచ్ పెరుగుతుంది, కలుపు విత్తనాలూ నత్తలూ పోతాయి. పోయేది నత్రజని, గంధకం, కర్బనం, అవి గాలిలో కలిసిపోతాయి. ఏటవాలు నేల అయితే మొదటి పెద్ద వానకే బూడిద కూడా కిందికి పోతుంది. కాల్చాక మొదటి పంట బాగుండటం, మూడో పంటకు పడిపోవడం ఇందుకే.

ఎరువు వైపు నిలిచేవాళ్ళ వాదన ఇంకా బలమైనది: ఆకులో ఉన్నది ఆ నేలలోంచి వచ్చిందే, ఏమీ లేని నేలలో పెరిగిన ఆకులో ఏముంటుంది అని. భాస్వరం విషయంలో దీన్ని కాదనలేం. గాలిలో భాస్వరం లేదు, ఏ మొక్కా దాన్ని పుట్టించలేదు. నా మట్టుకు నాకు పరచడం, ఎరువు రెండూ పోటీ వాదనల్లా కనిపించవు. కొద్దిపాటి భాస్వరం ఎరువును ఎర్రమట్టి మీద కాక ఆకు పొర మీద చల్లితే, మట్టి లాగేసుకునేలోపు ఆ పొరలో పాకిన వేర్లకు కొంత అందే అవకాశం ఉంది.

ఇంతకీ ఆకు ఎక్కడిది

మెక్సికన్ పొద్దుతిరుగుడు అని పిలిచే టిథోనియా మీద 1990లలో పశ్చిమ కెన్యాలో చాలా పని జరిగింది, ఎక్కువగా మొక్కజొన్న మీద. దాని ఎండు ఆకులో నత్రజని సుమారు 3.5 శాతం, భాస్వరం 0.37 శాతం, పొటాష్ 4 శాతం పైన. కాగితం మీద అద్భుతం. కానీ పచ్చి ఆకులో దాదాపు 80 శాతం నీళ్ళే. హెక్టారులో పదో వంతు చేనుకు 500 కిలోల ఎండు ఆకు కావాలంటే 2,500 కిలోల పచ్చి ఆకు కోయాలి. మోపు 25 కిలోలు అనుకుంటే 100 మోపులు. ఆ 100 మోపులు మోసేది ఎవరు, ఆ రోజుల్లో ఆగిపోయే మిగతా పనులు ఏమిటి అన్నది మట్టి పరీక్షలో తేలదు. పైగా ఆ ఆకు కోసిన గట్టు ఏటేటా చిక్కిపోతుంది.

చొప్ప అయితే పశువులతో పోటీ. 2009లో వ్యవసాయ శాస్త్రవేత్త కెన్ గిల్లర్, ఆయన సహచరులు ఆఫ్రికా చిన్న రైతుల గురించి గట్టిగా అడిగిన ప్రశ్నల్లో ఇదొకటి: మేతకే చాలని చొప్పను నేల మీద పరచమనడం ఎంతవరకు సాధ్యం?

హోండురాస్ పశ్చిమాన ఉన్న లెంపీరాలో కెసుంగువాల్ అనే పద్ధతి ఈ ప్రశ్నకు ఒక దారి చూపింది. 1990లలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో అది విస్తరించింది. చేలో ఉన్న చెట్లను పెకలించకుండా ఎత్తు తగ్గించి, ఆ కొమ్మల ఆకును అక్కడే పరిచి మొక్కజొన్న, బీన్స్ వేస్తారు, కాల్చడం మానేస్తారు. మోత లేదు, ఇంకో చోటు చిక్కిపోవడమూ లేదు. 1997 ఎల్ నీనో కరువునూ, 1998లో వచ్చిన మిచ్ తుపానునూ ఆ చేలు చుట్టుపక్కల వాటికన్నా మెరుగ్గా తట్టుకున్నాయి.

తపాదోకైనా, కెసుంగువాల్‌కైనా మళ్ళీ ఆకు పెరగడానికి నేలకు కొన్నాళ్ళు విశ్రాంతి కావాలి. మన 5 టన్నుల ఆకు, అందులోని 10 కిలోల భాస్వరం ఆ బీడు కాలంలో లోతు వేర్లు పైకి తెచ్చి పెట్టినదే. భూమి చాలక ఆ బీడు మూడేళ్ళ నుంచి ఏడాదికి తగ్గితే నరికేది 5 టన్నులు ఉండదు, పొర పలచబడి మధ్యలో మట్టి కనిపిస్తుంది, చినుకు మళ్ళీ నేరుగా ఆ మట్టినే తాకుతుంది.